వద్దన్నందుకు ఇరవై మార్కులు

నేను ప్రభుత్వ గుమాస్తాను. నన్ను పేరయ్య అంటారు. నాకు అభిప్రాయాలు లేవు. ఉద్యోగంలో చేరినప్పుడు ఒకటో రెండో ఉండేవి, ప్రొబేషన్ పూర్తయ్యేలోగా అవీ పోయాయి. కాబట్టి ఇందులో ఉన్నదంతా ఫైల్లో ఉన్నదే తప్ప నా సొంతం ఏమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా ఆఫీసు పేరు మహిళా సాధికారతా సహాయ విభాగం. జిల్లా ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే కేంద్రానికి వెనక మూడు గదులు. మొదటి గదిలో ఏసీ, డైరెక్టరు గారు ఉంటారు. రెండో గదిలో నేను, ఫైళ్ళు, ఎలుకలు ఉంటాం. మూడో గదిలో ప్రతి మంగళవారం హెచ్ఐవీతో బతుకుతున్న ఆడవాళ్ళు చాపల మీద కూర్చుంటారు. పని జరిగేది ఆ మూడో గదిలోనే. అందుకే దానికి ఫ్యాను లేదు.

ఆ గది సువార్తమ్మది. ఆమెకూ ఆ జబ్బే. తోటి ఆడవాళ్ళకు తెలిసింది చెప్పడం ఆమె ఉద్యోగం, పన్నెండేళ్ళుగా చేస్తోంది. మాత్ర ఏ వేళకు మింగాలి, ఒక్క రోజు మానినా ఏమవుతుంది, అత్త కంచం వేరు చేస్తే ఏమనాలి, బడిలో బిడ్డను విడిగా కూర్చోబెడితే హెడ్మాస్టరును ఎలా నిలదీయాలి - ఇవీ ఆమె పాఠాలు. కొత్తగా వచ్చినవాళ్ళు మాత్రల సీసాలో దూది కుక్కుకొని వస్తారు. బస్సు కుదుపుకు సీసా గలగలమంటే పక్కసీటామె "ఏం మందులమ్మా?" అని అడుగుతుందని భయం. ఏడాది తిరిగేసరికి ఆ దూది తీసి పారేస్తారు. ఎవరైనా దూది తీసేసిన రోజున సువార్తమ్మ గదిలో అందరికీ టీ. మా విభాగం సాధించింది ఏదైనా ఉంటే ఆ దూది తీయించడమే. అది మా నివేదికల్లో ఎక్కడా కనిపించదు.

ఆ గదిలో గురవమ్మ అనే ఆమె ఉండేది. జిల్లాకు ఆ చివర ఒక చిన్న పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మొగుడు పోయి ఆరేళ్ళు, కూతురు ఆరో తరగతి. మూడేళ్ళ కిందట బస్సుకు డబ్బు లేక అయిదు నెలలు మాత్రలకు రావడం మానేసింది. ఆరో నెలలో ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. అప్పుడు సువార్తమ్మ మా విభాగంతో కొట్లాడి ఆమెకు ఉచిత బస్సు పాసు ఇప్పించింది. ఆ పాసు ఉన్నంతకాలం మాత్ర ఉంటుంది, మాత్ర ఉన్నంతకాలం గురవమ్మ ఉంటుంది. ఇంతకు మించి లెక్క లేదు.

ఇలా ఉండగా రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

"సాధికారత పొందిన మహిళకు సహాయమును కొనసాగించుట ఆమె సాధికారతను శంకించుటయే యగును. కావున అట్టి మహిళలను శాస్త్రీయముగా గుర్తించి, సహాయము నుండి సగౌరవముగా విముక్తి కలిగించవలెను."

దానికి జతగా కొలత కూడా పంపారు. నూరు మార్కులు. అధికారి కళ్ళలోకి చూస్తే పది. ఎవరూ చెప్పకుండానే కుర్చీలో కూర్చుంటే పది. తన పేరు తడబడకుండా చెబితే పది. ప్రశ్న అడిగితే ఇరవై. కన్నీళ్ళు పెట్టుకోకపోతే పదిహేను. తను వాడే మందుల పేర్లు చెబితే పదిహేను. "వద్దు" అన్న మాట అంటే ఇరవై. అరవై దాటిందా, ఆమె సాధికార మహిళ. ఆమెకిక పాసు అక్కర్లేదు, పౌష్టికాహారం పొట్లం అక్కర్లేదు, మంగళవారం గది అక్కర్లేదు.

మా డైరెక్టరు డాక్టర్ వైకుంఠరావు గారు సర్క్యులర్ రెండుసార్లు చదివి కళ్ళు మూసుకున్నారు. ఆయన పశుసంవర్ధక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. డాక్టరేటు కోళ్ళ దాణా మీద చేశారు. దేన్నైనా తూకం వేసి చూడనిదే ఆయనకు నిద్ర పట్టదు.

"పేరయ్యా, ఇన్నాళ్ళూ మనం సాధికారత అని గాలిలో కత్తి తిప్పాం. ఇప్పుడు దానికి కొలమానం దొరికింది. ఇది చారిత్రాత్మకం" అన్నారు.

"చిత్తం" అన్నాను. చారిత్రాత్మకమైనవాటికి నేను ఎప్పుడూ అదే అంటాను.

మొదటి కొలత బీబీజాన్‌కు పడింది. మిషను కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న మనిషి. లోపలికి వస్తూనే కుర్చీ లాక్కొని కూర్చుంది, మందుల పేర్లు వరసగా అప్పజెప్పింది, "ఈ నెల పొట్లంలో పప్పు ఎందుకు తగ్గింది సార్?" అని అడిగింది. ఎనభై మార్కులు. డైరెక్టరు గారు లేచి శాలువా కప్పారు. లామినేషన్ చేసిన ధ్రువపత్రం చేతికిచ్చి, పాసు తీసుకున్నారు. అందరం చప్పట్లు కొట్టాం, బీబీజాన్ కూడా కొట్టింది. ఏం జరిగిందో ఆమెకు బస్సెక్కాక గానీ తెలియలేదు. కండక్టరుకు ధ్రువపత్రం చూపిస్తే శ్రద్ధగా చదివి, "శానా మంచిదమ్మా, టిక్కెట్టు తీసుకో" అన్నాడట.

మరుసటి నెల బీబీజాన్ మాత్రలకు రాలేదు. సువార్తమ్మ ఆమె ఊరికి వెళ్ళి చూసింది. ఉన్న మాత్రల్ని రోజు మార్చి రోజు మింగుతోంది, నెల మాత్రలు రెండు నెలలు వస్తాయని. ఆ జబ్బులో అంతకన్నా చేటు లేదు. మందును తట్టుకోవడం జబ్బు నేర్చుకుంటుంది, ఆ తర్వాత మింగినా పని చేయదు. ఇదంతా డాక్టర్లు చెబుతారు. మా కొలతలో దీనికి మార్కుల్లేవు.

సువార్తమ్మ ఆ మధ్యాహ్నమే తిన్నగా డైరెక్టరు గారి గదిలోకి వచ్చింది. నేను నోట్ పుస్తకం పట్టుకొని గోడ పక్కన నిలబడ్డాను.

"సార్, ఈ రూలు వద్దండి. మేము తలెత్తుకునేదాకా పాసిచ్చి, తలెత్తంగానే లాక్కుంటారా? ఇదేం న్యాయమండి?"

డైరెక్టరు గారు పరమానందభరితులయ్యారు. "చూశావా పేరయ్యా? వద్దు అంది, ఇరవై. ప్రశ్నించింది, ఇరవై. రాసుకో."

"నేను మార్కుల కోసం రాలేదండి."

"కళ్ళలోకి చూసి మాట్లాడుతోంది. పది."

"బీబీజాన్ మాత్ర మానేసింది సార్! ఎవరిది దీనికి పూచీ?"

"మరో ప్రశ్న. అయితే ప్రశ్నకు ఇరవై ఒక్కసారే వెయ్యాలా, ఎన్ని అడిగితే అన్నిసార్లా? దీని మీద రాజధాని నుంచి స్పష్టత కోరుదాం."

సువార్తమ్మ బయటికి నడిచింది. చెబితే వినడు, కొడితే ఏడుస్తాడు అంటారు. ఇక్కడ కొట్టే అధికారం ఎవరికీ లేదు, కాబట్టి చెప్పడం దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు ఆమె అభ్యంతరం ఫైల్లో ఇలా నమోదైంది: "విభాగపు కృషి ఫలితముగా క్షేత్రస్థాయి మహిళలు నిర్భయముగా అభ్యంతరములు తెలుపుచున్నారు."

వచ్చే నెల మూడో మంగళవారం అందరికీ కొలత అని నోటీసు అంటించాం. గదిలో మిగిలినవాళ్ళు నలభై ఒక్కమంది. నోటీసు అంటించిన మరుసటి మంగళవారం మూడో గదిలో కొత్త పాఠం మొదలైంది. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను.

"అందరూ తల దించండి" అంటోంది సువార్తమ్మ. "ఇంకా. గడ్డం రొమ్ముకి తగలాల. ఏందే గురవమ్మా, అట్టా చూస్తన్నావు?"

"మెడ నొప్పి పుడతంది అక్కా. అలవాటు పోయింది."

"తెచ్చుకో అలవాటు. సరే, సారు పేరడుగుతాడు. ఏం జెప్తావ్?"

"కొమ్ము గురవమ్మ."

"పోయింది పాసు! 'మా ఆయన్నడిగి జెప్తానండీ' అను."

"ఆయన పోయి ఆరేళ్ళయింది గదక్కా!"

"అందుకే అట్టా అనాల. సున్నా పడిద్ది."

నలభై ఒక్కమంది నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు. పైట కొంగు ఏ మూల పట్టుకొని నోట్లో పెట్టుకోవాలో చూపించింది. కుర్చీ కనబడితే దాని పక్కన నేల మీద ఎలా చతికిలబడాలో చూపించింది. మాత్రల రంగు తప్ప పేరు తెలియదని ఎలా చెప్పాలో, ఏమడిగినా ముందు ముక్కు ఎలా చీదాలో చూపించింది. చివర్న ఒక దూది ఉండ తీసి చిన్న చిన్న తునకలు చేసి అందరికీ పంచింది.

"సీసాల్లో పెట్టుకోండి. ఆ రోజు గలగలమని చప్పుడయితే పట్టేస్తారు."

ఆ దూది అందుకుంటున్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. పన్నెండేళ్ళు తీయించిన చేత్తోనే మళ్ళీ పెట్టిస్తోంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. అభిప్రాయం అయ్యుంటుందని భయపడి మంచినీళ్ళు తాగాను.

"పేరయ్య గారూ, ఆడ నిలబడి వినే బదులు లోపలికి రాండి. సారు మాదిరి కూర్చుని అడగండి, మావాళ్ళకి అలవాటవుద్ది" అని పిలిచింది సువార్తమ్మ.

వెళ్ళాను. కుర్చీలో కూర్చొని, డైరెక్టరు గారి గొంతుతో అడిగాను. ఆ మూడు మంగళవారాల్లో నా ముందు నలభై ఒక్కమంది ఏడవడం నేర్చుకున్నారు. గురవమ్మకే అందరికన్నా కష్టమైంది. తల దించగానే నవ్వొచ్చేది, నవ్వు ఆపుకుంటే తల లేచేది. చివరికి ఆటోలో పడుకొని వచ్చిన రోజును తలుచుకోమంది సువార్తమ్మ. అప్పుడు వచ్చింది ఏడుపు.

మూడో మంగళవారం రానే వచ్చింది. రాజధాని నుంచి ప్రణవి మేడమ్ అనే కన్సల్టెంటు వచ్చారు. సాధికారతలో విదేశాల్లో శిక్షణ పొందినవారట. వెంట ఫోటోగ్రాఫరు. జాబితాలో మొదటి పేరు గురవమ్మది.

గురవమ్మ లోపలికి వచ్చింది. కుర్చీ చూసి జంకి, నేల మీద కూర్చుంది. సున్నా. పేరడిగితే "మా ఆయన్నడగాలండీ" అని కొంగు నోట్లో కుక్కుకుంది. సున్నా. మందుల పేరడిగితే "తెల్లగుంటాదండీ" అంది. సున్నా. కన్నీళ్ళు ధారగా కారాయి. దానికీ సున్నా. నేను గర్వంతో ఉప్పొంగిపోతూ సున్నాలు చుట్టాను.

"ఒకసారి 'వద్దు' అనమ్మా, ఇరవై మార్కులు వస్తాయి" అని మేడమ్ బతిమాలారు.

డైరెక్టరు గారికి సందేహం వచ్చింది. "మనం అనమంటే అన్నది వద్దు ఎలా అవుతుంది మేడమ్? అది విధేయత కదా? ఆదేశాన్ని పాటించినట్లు అవుతుంది."

"అంటే అనకపోతేనే ధిక్కారం అంటారా?"

"అనలేదు కాబట్టి మన ఆదేశాన్ని తిరస్కరించినట్లే. తిరస్కారానికి ఇరవై వెయ్యాలేమో!"

ఇద్దరూ పావుగంట చర్చించుకున్నారు. ఆ పావుగంటా గురవమ్మ నేల మీద కూర్చొని విధిగా ఏడుస్తూనే ఉంది. చివరికి ఈ అంశాన్ని నిపుణుల కమిటీకి నివేదించాలని నిర్ణయించి, ప్రస్తుతానికి సున్నా వేశారు.

"మొత్తం సున్నా" అన్నాను నేను.

మేడమ్ ముఖం గంభీరమైంది. "అయితే అనుబంధం నాలుగు వర్తిస్తుంది. పదిహేను లోపు మార్కులు వచ్చిన తల్లి సంతాన సంరక్షణకు అశక్తురాలు. బిడ్డ ప్రయోజనార్థం శిశు సంరక్షణ గృహానికి తరలించవలెను. ఈమెకు కూతురుంది కదా? చక్కని వాతావరణం అమ్మా, గోడలకు బొమ్మలు కూడా వేయించారు."

అనుబంధం నాలుగు. సర్క్యులర్‌తో వచ్చిన ఆ కాగితం రెండు నెలల నుంచి నా బల్ల మీదే ఉంది. టీ ఫ్లాస్కు కింద మరక పడకుండా పెట్టుకున్నాను. పేజీ తిప్పలేదు. పేజీ తిప్పి ఉంటే సువార్తమ్మకు చెప్పేవాణ్ణి, వాళ్ళు పదిహేనుకూ అరవైకీ మధ్య ఏడ్చేవాళ్ళు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్న సామెతకు మా శాఖ మార్కులు కేటాయించిందని నాకప్పుడే తెలిసింది.

గురవమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. కొంగు నోట్లోంచి తీసింది, లేచింది. మేడమ్ ఎదురుగా ఉన్న కుర్చీ చప్పుడయ్యేలా లాగి కూర్చుంది.

"నా బిడ్డనా? యాడికి తీసకపోతారు? ఎవురు జెప్పారు మీకు?"

అలవాటు కొద్దీ నా కలం కదిలింది. కుర్చీ పది, ప్రశ్న ఇరవై.

"ఇట్టా చూడమ్మా నా మొకం. నా పేరు కొమ్ము గురవమ్మ. నా మాత్రలో మూడు మందులుండాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. రాత్రి తొమ్మిదింటికి ఏసుకుంటా. మూడేళ్ళలో ఒక్కపొద్దు తప్పలా. గడియారం చూసి అమ్మా మాత్రా అని గుర్తుజేసేది నా బిడ్డే. దాన్ని మీరు తీసకపోయి గోడమీద బొమ్మలు చూపిత్తారా? వద్దు! పంపను!"

కళ్ళు పది, పేరు పది, మందులు పదిహేను, వద్దు ఇరవై. మొదట ఏడ్చింది కాబట్టి ఆ పదిహేనూ పోను ఎనభై అయిదు. చెప్పకుండా ఎలా ఉండగలను? చెప్పాను.

మేడమ్ చప్పట్లు కొట్టారు. "అద్భుతం! సున్నా నుంచి ఎనభై అయిదు, పావుగంటలో! ఇది కదా మన జోక్యం యొక్క ప్రభావం!" డైరెక్టరు గారు శాలువా విప్పారు. బిడ్డ సంగతి రద్దయింది. పాసు ఇమ్మన్నారు.

"పాసు ఇయ్యను. వద్దు" అంది గురవమ్మ.

"ఇంకో వద్దు!" అన్నారు డైరెక్టరు గారు ముగ్ధులై, పాసు అంచు పట్టుకొని లాగుతూ. గురవమ్మ ఇటువైపు అంచు వదల్లేదు. "అలాగే ఉండండి సార్, బాగుంది" అని ఫోటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టాడు. ఆ తర్వాత అటెండరు వచ్చి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పి పాసు తీసుకున్నాడు.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన సువార్తమ్మ ఒకే ఒక మాట అడిగింది. "సార్, ఆమె వద్దంటే ఇరవై మార్కులేశారు. బాగుంది. ఆమె దేన్ని వద్దందో అది ఆపారా?"

మేడమ్ ఆ ప్రశ్నను మెచ్చుకున్నారు. విమానం టైమైందని మిగిలిన నలభైమంది కొలతను వారం వాయిదా వేసి వెళ్ళిపోయారు. మూడు గంటల్లో ఆసుపత్రి గోడ మీద నిలువెత్తు పోస్టరు వచ్చింది. పాసుకు ఒక అంచున డైరెక్టరు గారి చెయ్యి, ఒక అంచున గురవమ్మ చెయ్యి. కింద పెద్ద అక్షరాల్లో, "ఇక నాకు సహాయం అవసరం లేదు: స్వచ్ఛందంగా పాసు తిరిగి ఇస్తున్న సాధికార మహిళ." ముఖానికి మాత్రం గోప్యత కోసం చిన్న మసక చుక్క పెట్టారు. ఆ చుక్క పక్కన చీర, చెయ్యి, చేతి మీద పచ్చబొట్టు అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

గురవమ్మ సీసాలో ఆ రోజుకు ఇరవై ఆరు మాత్రలు ఉన్నాయి. ఆ పోస్టరు కింద నుంచే నడిచి బస్టాండుకు వెళ్ళింది.

ఆ సాయంత్రం మూడో గదిలో నలభైమంది ఉన్నారు. సువార్తమ్మ వాళ్ళకు రెండు దారులు చెప్పింది. పదిహేనుకూ అరవైకీ మధ్య జాగ్రత్తగా ఏడిస్తే ఎవరి పాసు వాళ్ళకు ఉంటుంది, బీబీజాన్‌దీ గురవమ్మదీ పోయినట్టే. రెండో దారి చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

"మనందరం నూటికి నూరు తెచ్చుకుంటే ఏమవుద్ది? అందరి పాసులూ పోతాయి. పోయాక ఈ ఆఫీసుకి పనేముంటది? ఈ ఏసీ ఎవరి కోసం తిరగాల? ముప్పై రోజుల మాత్రలు చేతిలో ఉంటాయి. ఆ ముప్పై రోజుల్లో వాళ్ళు దిగిరాకపోతే మనం మునిగినట్టే. ఎవరికన్నా భయంగా ఉంటే చెప్పండి, తప్పులేదు."

భయం లేదని ఎవరూ అనలేదు. చివరికి వెనక వరసలోంచి ఒక ముసలామె సంచీలోంచి సీసా తీసి, మూత విప్పి, దూది బయటికి లాగి చాప మీద పడేసింది. తర్వాత ఒక్కొక్కరే తీశారు.

వాయిదా మంగళవారం నలభైమందీ వచ్చారు, నలభై సీసాలూ గలగలమన్నాయి. నలభైమందీ కుర్చీ లాక్కొని కూర్చున్నారు. నలభై నూర్లు. నా కలంలో ఇంకు అయిపోయింది. డైరెక్టరు గారికి ఆనందబాష్పాలు వచ్చాయి. "నూటికి నూరు శాతం! దేశంలో ఏ జిల్లాకూ లేదు!" అని రాజధానికి నివేదిక పంపి, ఆఫీసంతటికీ లడ్డూలు పంచారు. నలభై పాసులు నా బీరువాలోకి చేరాయి. నేను కూడా ఒక లడ్డూ తిన్నాను.

పదకొండో రోజున రాజధాని నుంచి జవాబు వచ్చింది.

"తమ విభాగము సాధించిన సంపూర్ణ సాధికారతకు హార్దిక అభినందనలు. లబ్ధిదారుల సంఖ్య శూన్యమైనందున విభాగము యొక్క ఆవశ్యకత కూడా శూన్యమైనది. కావున నెలాఖరుకు విభాగమును మూసివేసి, డైరెక్టరు వారిని మాతృశాఖకు తిప్పి పంపడమైనది. వారు మన్యం ప్రాంతపు ప్రభుత్వ కోళ్ళ ఫారమునందు చేరవలెను."

డైరెక్టరు గారు ఏసీ వంక చూశారు. తర్వాత కిటికీలోంచి కారు వంక చూశారు. ఆ పైన నన్ను చూసి, "సువార్తమ్మ గారిని ఒకసారి పిలుస్తావా?" అన్నారు. అంతకు ముందు ఎన్నడూ ఆమెను గారు అనలేదు.

సువార్తమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అమ్మా, మీవాళ్ళు మరీ నూరు తెచ్చుకున్నారు. అంత అవసరం లేదు. ఒక పాతిక, ముప్పై దగ్గర ఆగితే గౌరవంగా ఉంటుంది. మళ్ళీ కొలత పెడదాం. కాస్త ఏడవమని చెప్పండి."

"ఏడుపు రావట్లేదంట సార్."

"ప్రయత్నిస్తే వస్తుందమ్మా! ఇదిగో, ఇలా." డైరెక్టరు గారు కుర్చీలోంచి దిగారు. నేల మీద కూర్చొని, గడ్డం రొమ్ముకు ఆనించి, చేతిరుమాలు అంచు నోట్లో పెట్టుకున్నారు. "ఇలా కూర్చుంటే చాలు. అడిగితే పేరు చెప్పకూడదు. అంతే కదా, కష్టమేముంది?"

సువార్తమ్మ ఆయన్ని మెడ వంచి పరీక్షగా చూసింది. "మీకు బాగా వచ్చింది సార్. మావాళ్ళకి మూడు వారాలు పట్టింది" అంది.

ఆమె షరతులు రెండే. బీబీజాన్‌తో, గురవమ్మతో కలిపి నలభై రెండు పాసులూ తిరిగి రావాలి. అనుబంధం నాలుగు చిరిగిపోవాలి. డైరెక్టరు గారు అదే రోజు రాజధానికి బయల్దేరారు. ఎవరి కాళ్ళు పట్టుకున్నారో ఫైల్లో లేదు. మొత్తానికి కొత్త సర్క్యులర్ వచ్చింది. "సాధికారత పొందినట్లు పొరపాటున నమోదైన మహిళలను పూర్వకాలపు ప్రభావముతో పునఃనిస్సహాయీకరించి, సహాయమును పునరుద్ధరించవలెను. అనుబంధము 4 రద్దు చేయడమైనది." పునఃనిస్సహాయీకరణ అన్న మాటను టైపు చేయడానికి నాకు నాలుగు కాగితాలు పట్టాయి.

పాసుల పంపిణీ నాటికి గురవమ్మ సీసాలో రెండే మాత్రలు ఉన్నాయి. తెల్లవారుజామున పాల వ్యాను వెనక నిలబడి వచ్చింది. వ్యాను దిగి నడిచొస్తుంటే ఆ రెండు మాత్రలూ సంచీలో టకటకమనడం నాకు రెండో గదిలోకి వినిపించింది. ముందు కేంద్రంలో నెల మాత్రలు తీసుకొని, తర్వాత మా దగ్గరికి వచ్చింది.

డైరెక్టరు గారు స్వయంగా పాసు అందించారు. గురవమ్మ అందుకొని, వెంటనే సంచీలో పెట్టుకోకుండా చదవడం మొదలుపెట్టింది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతుంది. అదీ ఆ మూడో గదిలో నేర్చుకున్నదే. తన పేరు చదివింది, ఊరు చదివింది. తర్వాతి వరస దగ్గర వేలు ఆగింది.

"వర్గము... నిస్సహాయ మహిళ. ఇదేంది సార్?"

"అది కొత్త నిబంధనల ప్రకారం ఉండాలమ్మా. నామమాత్రం."

"కొట్టెయ్యండి."

"కుదరదమ్మా, అచ్చైపోయింది. పైనుంచి..."

"వద్దు సార్, ఆ మాట వద్దు. నేను నిస్సహాయ గాదు. నాకు బస్సు పాసు కావాల, అంతే. రెండిటికీ సంబంధం లేదు."

ఇంత చిన్న సంగతిని మూడు నెలలుగా రెండు సర్క్యులర్లు, నాలుగు అనుబంధాలు, ఒక విమానం టిక్కెట్టు కలిసి కనుక్కోలేకపోయాయి. ఆమె వెనక నలభై ఒక్కమంది వరసలో నిలబడి ఉన్నారు. సువార్తమ్మ గుమ్మానికి ఆనుకొని ఉంది. డైరెక్టరు గారు చెయ్యి చాపారు, నేను కలం ఇచ్చాను. ఆ మాట మీద అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. తర్వాతి ఆమె కూడా పాసు చాపింది. ఆ తర్వాత ఇంకో ఆమె. నలభై రెండు అడ్డగీతలు, నలభై రెండు సంతకాలు. కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి ఆయన నిలబడే ఉన్నారు. తల ఎత్తలేదు. ఎవరి కళ్ళలోకీ చూడలేదు. ఏ ప్రశ్నా వేయలేదు. వద్దని ఒక్కసారీ అనలేకపోయారు. చివరి సంతకం దగ్గర కన్నీళ్ళు చేతిరుమాలుతో తుడుచుకున్నారు.

నేను అలవాటు కొద్దీ పక్కనున్న కాగితం మీద మార్కులు వేసుకుంటూ పోయాను. కూడితే పదిహేను లోపే వచ్చింది. ఆయనకు ఇద్దరు పిల్లలు. అనుబంధం నాలుగు రద్దయింది కాబట్టి సరిపోయింది.